చేతికి తెలిసే మాట

పోయిన నెల రికార్డింగుకి వెళ్ళినప్పుడు నాకు చిన్న తలవంపు జరిగింది. పొద్దున్నే సారపాకలో బస్సెక్కి, పాల్వంచ మీదుగా కొత్తగూడెం చేరి, స్టూడియోలో కూర్చున్నాను. ఫోను మోగకుండా నొక్కేశాను కదా అన్న ధీమాతో దాన్ని బల్లమీదే పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఉండగా బల్లంతా గుర్రుమంది. అద్దానికి అవతల ఉన్న అబ్బాయి చెయ్యెత్తి రికార్డింగు ఆపేశాడు. "అమ్మా, మోత ఆపారు గానీ వణుకు ఆపలేదు" అన్నాడు నవ్వుతూ.

ఆ ఫోను చేసింది మా అత్తయ్యగారు. ఇంట్లో ఒక్కరే ఉన్నారు. కొత్త కరెంటు పొయ్యి మీద పాలు వెచ్చబెట్టుకోవడం ఆవిడకి చేతకావడం లేదు. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు ఈ వణుకు సంగతి చూద్దాం.

మనందరి ఫోన్లూ వణుకుతాయి. గుళ్ళో, పెళ్ళిలో, పిల్లల బడి మీటింగులో మోత ఆపేసి ఊరుకుంటాం. అది సంచీలోంచే "ఇదిగో, ఎవరో పిలుస్తున్నారు" అని చెబుతుంది. ఈ భాష ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరికోసం పుట్టింది అని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు సిగ్గుపడ్డాక ఆలోచించాను. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. అంచేత మా అమ్మాయిని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను.

నిజానికి చేత్తో తెలుసుకోవడం మనకి కొత్తేమీ కాదు. అరిసెల పాకం ముదిరిందో లేదో రెండు వేళ్ళమధ్య తీసి చూస్తాం. జంతికల పిండి చాలినంత మెత్తబడిందని చెయ్యే చెబుతుంది. చీకట్లో పిల్లవాడి నుదుటిమీద చెయ్యి వేస్తే జ్వరం ఉందో లేదో తెలిసిపోతుంది. మా గోదావరి వంతెన మీద నడుస్తూ చెయ్యి కటకటాల మీద ఆనిస్తే, వెనక వచ్చే లారీ సంగతి చూడకుండానే తెలుస్తుంది. మన్యంలో కోయవారి డోళ్ళు మోగేటప్పుడు దగ్గర నిలబడి చూడండి, ఆ దెబ్బ చెవికంటే ముందు గుండెకి తగిలినట్టు ఉంటుంది.

ఇలా వణుకుని కనిపెట్టడానికి మన చర్మంలో ప్రత్యేకంగా ఏర్పాటు ఉంది. ఇటలీలో ఫిలిప్పో పచీని అనే ఆయన, వైద్యం చదువుకునే రోజుల్లోనే, అంటే 1830ల్లో, వేళ్ళలోని నరాల కొసల దగ్గర చిన్న చిన్న గుళికల్ని గుర్తించాడు. ఒక్కొక్కటీ ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఉంటుంది. సెకనుకి సుమారు రెండువందల యాభైసార్లు వచ్చే సన్నటి వణుకుని కూడా ఇవి పట్టేస్తాయి. తంబురా బుర్ర మీద చెయ్యి పెడితే జుమ్మనిపించేది వీటి చలవే.

ఇక చరిత్రలోకి వస్తాను. వేలితో చదివే చదువుతోనే మొదలుపెట్టాలి.

ఫ్రాన్సు దేశంలో పారిస్‌కి దగ్గర పల్లెటూళ్ళో 1809లో లూయీ బ్రెయిలీ పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ళ వయసులో తండ్రి కొట్లో తోలు పొడిచే కదురుతో ఆడుకుంటూ ఆ బిడ్డ కన్ను పొడుచుకున్నాడు. పుండు రెండో కంటికి కూడా పాకి చూపు పూర్తిగా పోయింది. పదేళ్ళకి పారిస్‌లో అంధబాలుర బడిలో చేర్చారు. ఆ బళ్ళో పుస్తకాలు లేకపోలేదు. మామూలు అక్షరాలనే పెద్దపెద్దగా ఉబ్బెత్తుగా అచ్చువేసి పెట్టారు. ఒక్కొక్క అక్షరాన్నీ అంచులవెంట తడుముతూ వెళ్ళేసరికి మాట మొదలు మరిచిపోయేవారట పిల్లలు. చూపున్నవాళ్ళు తమ కంటికి నచ్చిన అక్షరాన్నే చేతికి కూడా ఇచ్చారు. చేతికి ఏం కావాలో ఎవరూ అడగలేదు.

అంతలో ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన చార్లెస్ బార్బియే అనే ఆయన, వేలితో తడిమి చదువుకోవడానికి వీలుగా చుక్కల లిపి ఒకటి తయారుచేశాడు. ఒక్కొక్క గుర్తులో పన్నెండు చుక్కలదాకా ఉండేవి. లూయీకి అది నచ్చింది గాని ఇబ్బంది ఎక్కడుందో కూడా వెంటనే తెలిసింది. పన్నెండు చుక్కలు వేలి కొసన ఇమడవు. వేలు పైకీ కిందకీ జరపాలి. అతను దాన్ని ఆరు చుక్కలకి తగ్గించాడు. వేలు ఆనించగానే అక్షరం మొత్తం ఒక్కసారే తెలిసిపోతుంది. 1824 నాటికి, అంటే అతనికి పదిహేనేళ్ళ వయసుకే, ఈ లిపి సిద్ధమైంది. 1829లో పుస్తకంగా అచ్చయింది. అయినా అతను చదివి, ఆ తరవాత పాఠాలు చెప్పిన ఆ బడే దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. అప్పటికి లూయీ పోయి రెండేళ్ళయింది.

మన దేశంలో 1951లో అన్ని భాషలకీ కలిపి ఒకే పద్ధతి నిర్ణయించారు. దాన్ని భారతి బ్రెయిలీ అంటారు. తెలుగు "క"కీ, హిందీ "క"కీ, తమిళ "క"కీ అవే చుక్కలు. మనం ముగ్గుకి చుక్కలు పెట్టి గీతలు కలుపుతాం. ఆ లిపిలో చుక్కలే అక్షరాలు.

ఇది వేలితో చదవడం. వణుకుని వినడం మరొక మెట్టు. ఆ కథలో రేడియో కూడా ఉంది కనక కాస్త ఆగి చెబుతాను.

హెలెన్ కెల్లర్ పేరు మీరు పాఠాల్లో చదువుకునే ఉంటారు. 1880లో అమెరికాలో పుట్టి, పంతొమ్మిది నెలల పసితనంలో జబ్బుచేసి చూపూ, వినికిడీ రెండూ పోగొట్టుకున్నారు. 1887లో ఆనీ సలివన్ అనే టీచరు ఆ పిల్ల చేతిమీద నీళ్ళు పోస్తూ, రెండో అరచేతిలో "నీళ్ళు" అన్న మాటని వేళ్ళతో రాసి చూపించారు. ఆ రోజునుంచి ఆ పిల్లకి లోకం తెరుచుకుంది. ఎదుటివారి పెదవులమీద, గొంతుమీద వేళ్ళు ఆనించి వాళ్ళ మాట తెలుసుకోవడం కూడా ఆవిడ నేర్చుకున్నారు. 1955లో మన దేశానికి కూడా వచ్చి వెళ్ళారు.

1924 ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి న్యూయార్కులో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ కచేరీ రేడియోలో ప్రసారమైంది. హెలెన్ ఇంట్లోవాళ్ళు రేడియో పెట్టుకుని వింటున్నారు. ఆవిడ ఊరికే కూర్చుని ఉన్నారు. ఎవరో ఒకరు, రేడియోలో పలికే పల్చటి రేకు మీద చెయ్యి పెట్టి చూడమన్నారు. మూత విప్పి ఇచ్చారు. ఆవిడ వేళ్ళు ఆనించారు. వణుకు తెలియడమే కాదు, ఏది డోలో ఏది వాయులీనమో, ఎప్పుడు మనుషుల గొంతులు కలిశాయో కూడా ఆవిడకి తెలిసిందట. మర్నాడే ఆ వాద్యబృందానికి ఉత్తరం రాశారు. ఆ సంగీతం రాసిన బీథోవెన్‌కి కూడా అప్పటికి చెవులు వినబడేవి కావు. చెవుడున్న మనిషి కట్టిన పాటని, వినికిడి లేని మనిషి రేడియోలో చేత్తో విన్నది. నేను ఇన్నేళ్ళుగా రేడియోలో మాట్లాడుతున్నాను గాని, నా మాట ఎవరి చేతికైనా తగులుతుందేమో అని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆ రోజుల్లోనే అమెరికాలో రాబర్ట్ గాల్ట్ అనే ప్రొఫెసరు, మాటని వణుకుగా మార్చి బధిరుల వేళ్ళకి అందించే యంత్రం మీద పనిచేశాడు. మాటలన్నిటినీ వేలు పోల్చుకోవడం కష్టమని తేలింది గాని ఆ దారి మూసుకుపోలేదు. తరవాత అణుశక్తి రోజులొచ్చాయి. చేత్తో ముట్టుకోకూడని విషపదార్థాల్ని గోడకి అవతల యంత్రపు చేతులతో ఎత్తవలసివచ్చింది. ఎంత గట్టిగా పట్టుకున్నామో చేతికి తెలియకపోతే గాజుసీసా చిట్లిపోతుంది. 1950ల్లో షికాగో దగ్గర ఆర్గాన్ ప్రయోగశాలలో రేమండ్ గర్ట్జ్ అనే ఆయన, అవతలి బరువునీ బిగువునీ కరెంటు మోటార్లద్వారా ఇవతలి మనిషి చేతికి తిరిగి తెలిసేట్టు చేశాడు. పసిబిడ్డని ఎంత బిగువుగా పట్టుకోవాలో మన చేతులకి తెలిసినట్టే అనుకోండి.

నా మనసుకి బాగా పట్టింది మాత్రం ఒక తండ్రి కథ. జాన్ లిన్‌విల్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ప్రొఫెసరు. ఆయన కూతురు క్యాండీకి మూడేళ్ళ వయసులో చూపు పోయింది. ఆ పిల్లకి కావలసిన పాఠాలన్నీ తల్లి కూర్చుని బ్రెయిలీలోకి ఎత్తి రాసేది. అమ్మ రాసిన పుస్తకమే పిల్ల చదవాలి. అమ్మ రాయని పుస్తకం పిల్లకి లేనట్టే. 1962లో ఆ తండ్రి జర్మనీలో, చిన్న చిన్న సూదుల్లాంటి పుల్లలు వేగంగా కొట్టి అక్షరాలు అచ్చువేసే యంత్రం ఒకటి చూశాడు. అలాంటి పుల్లలే వేలిమీద కొడితే అక్షరం తెలియదా అనిపించింది. జేమ్స్ బ్లిస్ అనే మరొక ఇంజనీరుతో కలిసి ఏళ్ళతరబడి శ్రమపడ్డాడు. 1971లో ఆప్టకాన్ అనే యంత్రం అమ్మకానికి వచ్చింది.

అందులో నూటనలభైనాలుగు సన్నటి పుల్లలుంటాయి. కుడిచేత్తో చిన్న కెమెరాని మామూలు పుస్తకం మీద జరుపుతూ పోతే, ఎడమచేతి చూపుడువేలు కింద ఆ అక్షరం ఆకారంలో పుల్లలు వణుకుతాయి. బ్రెయిలీలో లేని పుస్తకమైనా, ఉత్తరమైనా, బ్యాంకు కాగితమైనా సరే, ఇంకొకరిని బతిమాలకుండా చదువుకోవచ్చు. దాన్ని తయారుచేస్తున్నన్నాళ్ళూ వేలు పెట్టి చూసి, ఇది తెలుస్తోంది, ఇది తెలియడంలేదు అని చెప్పింది క్యాండీయే. తరవాత ఆ అమ్మాయి అదే స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు తీసుకుంది. కంప్యూటర్లు పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాక ఆప్టకాన్‌కి గిరాకీ తగ్గింది. 1996లో తయారీ ఆగిపోయింది.

అదే ఏడాది మోటరోలా కంపెనీ వణికే సెల్‌ఫోను తెచ్చింది. మరుసటి ఏడాది పిల్లల వీడియో ఆటల చేతిపిడికి కూడా వణుకు వచ్చింది. ఈ వణుకు వెనక పెద్ద మర్మమేమీ లేదు. మీ ఇంట్లో బట్టలమిషను ఉంటే మీకు తెలిసిన సంగతే. నీళ్ళు పిండేటప్పుడు తడి దుప్పటి ఒకపక్కకే చుట్టుకుపోతే మిషనంతా ఎగిరెగిరి పడదూ? ఫోనులో ఉండేది కూడా అదే. గోరంత మోటారుకి ఒక పక్కకే బరువున్న అరచందమామ ముక్క తగిలిస్తారు. అది సెకనుకి నూరుసార్లకి పైగా తిరిగేసరికి ఫోను ఒళ్ళంతా ఊగుతుంది. మనం మిషను ఆపి దుప్పటి సర్దుతాం, వాళ్ళు ఆ తప్పునే పనికి పెట్టుకున్నారు. తరవాత స్ప్రింగు మీద బరువుని అయస్కాంతంతో ముందుకీ వెనక్కీ తోసే రకం వచ్చింది. ఇది చటుక్కున మొదలై చటుక్కున ఆగుతుంది. 2016లో ఆపిల్ కంపెనీ ఒక ఫోనులో కదలని బొత్తాం పెట్టింది. నొక్కితే లోపలికి పోయినట్టే ఉంటుంది గాని అది కదలదు. లోపలి వణుకు వేలిని అలా నమ్మిస్తుంది.

ఈ విద్యలో మనవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. అమెరికాలో ఎం.ఐ.టి.లో స్పర్శ ప్రయోగశాల పెట్టింది మండయం శ్రీనివాసన్ అనే భారతీయుడే. 2002లో అక్కడొకరూ లండనులో ఒకరూ కూర్చుని, కంప్యూటర్ల మీద ఒకే పెట్టెని చెరొకపక్కా పట్టి ఎత్తారు. మధ్యలో సముద్రమున్నా అవతలివారి తోపుడు ఇవతలివారి చేతికి తెలిసింది.

మన హైదరాబాదు కథ చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. అనిరుధ్ శర్మ అనే కుర్రాడు బెంగుళూరులో ఉండగా చెప్పు అడుగున వణికే మోటార్లు అమర్చి చూశాడు. తరవాత అతనూ, క్రిస్పియన్ లారెన్స్ అనే మిత్రుడూ కలిసి 2011లో మన జంటనగరాల్లో డ్యూసెర్ అనే కంపెనీ పెట్టారు. ఆ చెప్పుల పేరు "లేచల్". తెలుగు మాట అనుకునేరు! హిందీలో "తీసుకుపో" అని అర్థం. ఫోనులో వెళ్ళవలసిన చోటు చెబితే, ఎడమకి తిరగాలంటే ఎడమకాలి చెప్పు, కుడికి తిరగాలంటే కుడికాలిది వణుకుతాయి.

దారి చెప్పడానికి చెవిలో మాట వినిపిస్తే సరిపోదా, కాలికెందుకు అని నేనూ అనుకున్నాను. జవాబు విన్నాక నా అజ్ఞానానికి నవ్వొచ్చింది. చూపులేనివారికి రోడ్డుమీద చెవే కన్ను. స్కూటరు ఎటునుంచి వస్తోంది, మనుషులు ఎటు నడుస్తున్నారు, గోడ దగ్గరైందా అన్నీ చెవితోనే చూసుకోవాలి. ఆ చెవిని మూసేస్తే సాయం చేసినట్టా? చేతిలో కర్ర ఎలాగూ ఉంటుంది. ఖాళీగా ఉన్నది పాదమే. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారి తోడ్పాటుతో చూపులేనివారి చేతే నడిపించి చూశారు. మనం "మిస్సమ్మ" చూసి మెచ్చుకున్న ఆ దర్శకుడి పేరుమీదే 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ఆ ఆసుపత్రి స్థాపించారు. 2014లో ఆ చెప్పులు నూరు నుంచి నూటయాభై డాలర్ల ధరతో లోకానికంతటికీ ప్రకటించారు. అడుగులు లెక్కపెట్టుకునేవాళ్ళూ, ఊళ్ళు తిరిగేవాళ్ళూ కూడా కొనుక్కుంటే, ఆ డబ్బుతో చూపులేనివారికి తక్కువలో ఇవ్వాలని వాళ్ళ ఆలోచన.

ఇప్పుడు మా ఇంటి పొయ్యి దగ్గరకి వస్తాను.

మా అత్తయ్యగారికి నీటికాసుల జబ్బువల్ల చూపు మెల్లమెల్లగా తగ్గి, ఇప్పుడు వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తాయి. అయినా మొన్నమొన్నటిదాకా వంటింట్లో నాకంటే ఆవిడకే అలవాటెక్కువ. గ్యాసుపొయ్యి మీట నొక్కి తిప్పితే ఎక్కడ ఆగుతుందో, మంట ఎంతుందో చేతికీ చెవికీ తెలిసేది. ఫోను కూడా పాత బొత్తాల ఫోనే. అయిదు అంకెమీద చిన్న బుడిపె ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకుని అన్ని అంకెలూ లెక్కపెట్టుకుంటారు. నోట్లు కూడా అంతే. వంద రూపాయల నోటుమీద ఉబ్బెత్తుగా ముక్కోణం, అయిదువందల నోటుమీద గుండ్రటి గుర్తు ఉంటాయి. నోటు నలిగితే తెలియవు గాని కొత్తనోటు మీ వేలితో తడిమి చూడండి.

మంటవల్ల చీరకి ప్రమాదమని భయపడి మేము ఇండక్షన్ పొయ్యి కొన్నాం. ఆవిడ మేలుకోరే కొన్నాం. పైనంతా నున్నటి గాజు. బొత్తాలు లేవు, బొమ్మలున్నాయి. బొమ్మలు కనబడేవాళ్ళకి సరే. ఆవిడ చేత్తో వెతికితే వెతికిన చోటల్లా అది నొక్కినట్టు లెక్క. "కుయ్" మంటుంది గాని ఏది నొక్కామో చెప్పదు. పాలు పొంగినా ఆర్పలేరు. "అమ్మాయ్, ఈ పలకమీద నా చేతికి ఒక్క అక్షరమూ తెలియడంలేదే" అన్నారు ఒకటి రెండుసార్లు. నేను "మీకెందుకండీ ఈ శ్రమ, నేనున్నానుగా" అన్నాను. ప్రేమగానే అన్నాననుకున్నాను. ఆ తరవాత ఆవిడ వంటింట్లోకి రావడం మానేశారు. రోజంతా గదిలో రేడియో పెట్టుకుని కూర్చునేవారు. నిజం చెప్పాలంటే, వంటింట్లో అడ్డం లేకుండా పని త్వరగా అవుతోందని నాకు కాస్త సుఖంగానే అనిపించింది కూడా.

స్టూడియోలో బల్ల గుర్రుమన్న రోజున ఆవిడ ఎన్నాళ్ళకో పొయ్యి దగ్గరికి వెళ్ళి, వెలిగించలేక, నన్ను పిలిచారు. నేను అందుకోలేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాలు విరిగిపోయి ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు. నాకే మనసు బాగులేకపోయింది.

లూయీ కథా, క్యాండీ కథా చదివాక నాకు ఒక సంగతి తెలిసింది. నేను పొయ్యి కొనేముందు ఆవిడ చేతిని అడగలేదు. అంతే. గాజు ఫోన్లు వచ్చిన కొత్తలో చూపులేనివారికి ఇదే కష్టం వచ్చింది. 2009లో ఆపిల్ ఫోనులో ఒక మార్గం పెట్టారు. వేలు ఆనిస్తే ఫోను ఆ బొమ్మ పేరు చదువుతుంది, రెండుసార్లు తడితేనే పని చేస్తుంది. వెతకడం వేరు, నొక్కడం వేరు. మా పొయ్యిలో ఆ రెండూ ఒకటైపోయాయి.

ఆ మర్నాడు అత్తయ్యగారిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, "ఎక్కడ ఏం గుర్తు కావాలో మీరే చెప్పండి" అన్నాను. నేను రాళ్ళ బొట్టుబిళ్ళల అట్ట తెచ్చాను. బొమ్మమీదే అంటించబోతే ఆవిడ వద్దన్నారు. "అక్కడ పెడితే వెతికేటప్పుడే అంటుకుంటుంది. బొమ్మకి కింద, అంచు దగ్గర పెట్టు. అక్కడినుంచి వేలు పైకి జరుపుతాను" అన్నారు. వెలిగించి ఆర్పే బొమ్మకింద ఒక బిళ్ళ, వేడి పెంచేదానికింద రెండు, తగ్గించేదానికింద ఏమీ లేదు. గిన్నె పెట్టే చోటుకి అంచునుంచి జానెడు లెక్క. మూడు రోజులు నేను పక్కన నిలబడ్డాను. నాలుగోరోజు నిలబడవద్దన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దుటి పాలు ఆవిడవే.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే కొత్త వస్తువు కొనేటప్పుడు, కొట్లో నిలబడి ఒక్కసారి కళ్ళు మూసుకుని దానిమీద చెయ్యి వేసి చూడండి. అంతకంటే మంచిది, వాళ్ళనే వెంట తీసుకెళ్ళి వాళ్ళ చెయ్యి వేయించండి. తిప్పే మీట ఉన్న రకం దొరికితే అదే కొనండి. ఇదివరకే కొనేసి ఉంటే మీ అద్దంమీద బొట్టుబిళ్ళలు ఎలాగూ ఉంటాయి. ఎక్కడ అంటించాలో మాత్రం మీరు నిర్ణయించకండి. వాళ్ళని అడగండి.

ఇవాళ రికార్డింగుకి ఫోను పూర్తిగా ఆపేసి వచ్చాను. ఇంట్లో అత్తయ్యగారికి నాతో పనిలేదు. రేడియో మీద చెయ్యి వేసి ఇది వింటానన్నారు.